కారం కొంచెమా, ఎక్కువా?

ట్రినిడాడ్‌లో నేను తిన్న మొదటి తిండికి కుర్చీ లేదు, ప్లేటు లేదు, చెంచా లేదు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పొద్దున ఆరున్నర. ఆఫీసుకి నడిచే దారిలో రోడ్డు మలుపు మీద పెద్ద గొడుగు, దాని కింద ఒక బల్ల, బల్ల మీద గుడ్డ కప్పిన డబ్బాలు, చుట్టూ పదిమంది జనం. టై కట్టుకున్నవాళ్ళు, స్కూలు యూనిఫాంలో పిల్లలు, రాత్రి డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డు. ఎవరూ వరసలో లేరు, కానీ ఎవరి తర్వాత ఎవరో అందరికీ తెలుసు. మన ఊళ్ళో పొద్దున్నే ఇడ్లీ బండి దగ్గర ఉంటుందే, సరిగ్గా అలాగే.

నా వంతు వచ్చింది. "పెప్పర్?" అని అడిగాడు బండాయన. అక్కడ పెప్పర్ అంటే మిరియాలు కాదు, మిరపకాయ. దానికి మామూలుగా మూడు జవాబులుంటాయి: స్లైట్, మీడియం, ప్లెంటీ. నాది గుంటూరు జిల్లా. పాపం ఈయనకి ఆ సంగతి తెలియదు కదా అనుకుని, "ప్లెంటీ" అన్నాను.

తర్వాత జరిగింది వివరంగా చెప్పడం నాకిష్టం లేదు. ఎక్కిళ్ళు, కళ్ళనీళ్ళు, చెవుల్లోంచి ఆవిరి. పక్కనున్న స్కూలు పిల్ల నవ్వాపుకోలేక అటు తిరిగింది. బండాయన ఏమీ అనలేదు. కొత్త కాగితం తీసి, ఇంకొకటి కట్టి, చింతపండు చట్నీ కాస్త ఎక్కువేసి నా చేతిలో పెట్టాడు. "స్లైట్," అన్నాడు, ఈసారి నన్ను అడక్కుండానే.

తర్వాత తెలిసింది, 2012లో ప్రపంచంలోకెల్లా ఘాటైన మిరపకాయగా న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు తేల్చిన రకం ఈ దీవిలోని మొరూగా అనే ప్రాంతానిదని. అసలు మిరప పుట్టిందే అమెరికా ఖండంలో. కొలంబస్ ఇటువైపు వచ్చాకే అది ఓడలెక్కి, పోర్చుగీసువాళ్ళ చేతుల మీదుగా మన దేశానికొచ్చింది. అంటే నేను గుంటూరు కారం గొప్పలు చెప్పుకోవడానికి వెళ్ళింది దాని పుట్టింటివైపే.

ఆ తిండి పేరు డబుల్స్. ఒక్కటి తిన్నా డబుల్సే. పసుపు కలిపి పులియబెట్టిన మైదాపిండితో అరచేతి మందాన కాదు, అప్పచ్చి మందాన వేయించిన రెండు మెత్తటి బారాలు, వాటి మధ్యలో ఉడికిన కాబూలీ శనగల కూర. పైన చింతపండు, కీరదోస తురుము, మిరప పచ్చడి. బారా అన్నమాట మన వడకి చుట్టమే. 1936లో ప్రిన్సెస్ టౌన్ అనే ఊళ్ళో ఎమామూల్ దీన్ అనే ఆయన, ఆయన భార్య మొదలుపెట్టారని చెప్పుకుంటారు. మొదట ఒక బారా మీదే శనగలేసి అమ్మేవాళ్ళట. జనం రెండేసి అడగడంతో రెండూ కలిపి డబుల్స్ అయింది. ధర అయిదారు ట్రినిడాడ్ డాలర్లు. అమెరికన్ డాలర్‌లో చెప్పాలంటే ఒకటి కూడా నిండదు. నేను అక్కడున్న రెండు వారాల్లో ఎన్ని తిన్నానో లెక్కపెట్టలేదు.

*

వెళ్ళింది ఆఫీసు పని మీద. ఒక క్లయింటు దగ్గర పాత సిస్టమ్ తీసేసి కొత్తది పెడుతున్నాం, డేటా మార్చే రెండు వారాలు మనిషి అక్కడే ఉండాలన్నారు. మా టీమ్‌లో ఎవరూ ముందుకి రాలేదు. నేను వెంటనే చెయ్యెత్తాను. కారణం ఒకటి నైపాల్. బిస్వాస్ ఇంటి కథ మూడుసార్లు చదివాను, దాని మీద తెలుగులో ఒక వ్యాసం కూడా రాశాను. ఆ నేల చూడాలని ఉండేది. రెండో కారణం, బయల్దేరే ముందు ఆదివారం ఇంట్లో జరిగిన గొడవ. రెండు వారాలు దూరంగా ఉంటే సద్దుమణుగుతుందిలే అనుకున్నాను. ఆ గొడవ సంగతి తర్వాత చెప్తాను. అప్పట్లో అది చెప్పుకోవలసినంత పెద్ద విషయమని కూడా నాకు అనిపించలేదు.

పగలంతా సర్వర్ రూము చలి, సాయంత్రం ఒంటరిగా భోజనం. ఒక్కడే హోటల్లో కూర్చుని తినేవాడికి రెండే దారులు: ఫోను చూసుకోవడం, లేదా పక్క బల్లల మీద ఏముందో చూడడం. నేను రెండూ కలిపి, ఫోనులో తిండి సమీక్షలు రాసుకోవడం మొదలుపెట్టాను. విమర్శకుడి జబ్బు అది, దేన్నీ ఊరికే తిననివ్వదు.

మొదటి మూడు రోజుల సమీక్షలు ఇప్పుడు చూసుకుంటే సిగ్గేస్తుంది. ధాల్‌పూరీ: ఎండు బఠాణీ పప్పు ఉడికించి పొడిచేసి, జీలకర్ర కలిపి, పిండిలో కూరి పెనం మీద కాల్చిన పెద్ద రొట్టె. నేను రాసుకున్నది, "బెల్లం మర్చిపోయిన బొబ్బట్టు." బస్సప్ షట్: పరాటాని పెనం మీదే చెక్క గరిటెలతో కొట్టి కొట్టి పీలికలు చేస్తారు. చిరిగిన చొక్కాలా ఉంటుందని ఆ పేరు. నేను రాసుకున్నది, "కొత్తు పరోటా అవ్వాలనుకుని సగంలో ఆగిపోయింది." మేకమాంసం కూర: మసాలా పొడి నీళ్ళలో కలిపి, ఆ ముద్దని నూనెలో వేయించి, దాంట్లో మాంసం వేస్తారు. "ధనియాలు ఉన్నాయి, దమ్ము లేదు." కుచేలా అనే మామిడి తురుము పచ్చడి: "మాగాయకి దూరపు బంధువు, పెళ్ళికి పిలవక్కర్లేదు."

వరస తెలుస్తూనే ఉంది కదా. ప్రతిదాన్నీ మన వంటకి తప్పచ్చుగా చదువుతున్నాను. నా దగ్గరే అసలు ప్రతి ఉన్నట్టు, వీళ్ళు నూట డెబ్భై ఏళ్ళుగా దాన్ని తప్పుల్తో ఎక్కిస్తూ వస్తున్నట్టు.

నా పక్కన కూర్చుని టెస్టింగ్ చేసే కుర్రాడు అక్కడివాడే. చూస్తే మా తెనాలి కుర్రాడిలాగే ఉంటాడు, నోరు తెరిస్తే కాలిప్సో. నాలుగో రోజు మధ్యాహ్నం రొట్టెల షాపులో నా ఫోను తొంగిచూసి, ఏం రాస్తున్నావని అడిగాడు. తెలుగు లిపిని చూసి ముచ్చటపడ్డాడు. ఒకటి చదివి చెప్పమంటే ధాల్‌పూరీ సమీక్ష ఇంగ్లీషులో చెప్పాను. నవ్వలేదు. "మా అమ్మ దాంట్లో బెల్లం మర్చిపోలేదు. మా అమ్మకి అది ఎప్పుడూ ఇలాగే ఉంది," అన్నాడు. కోపంగా కాదు, బగ్ రిపోర్టులో ఇది బగ్ కాదని రాసేటప్పటి గొంతుతో.

ఆ రోజు నుంచి సమీక్షలు మానేసి మాటలు ఏరుకోవడం మొదలుపెట్టాను.

*

మాటల పని చాలా బాగా సాగింది. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి రెండు వందల పైచిలుకు మందితో ఇక్కడికి చేరింది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి మనుషులు కావాలి, అయిదేళ్ళ ఒప్పందం మీద తెచ్చారు. 1917లో ఆపేసేదాకా వచ్చినవాళ్ళు లక్షా నలభై వేల పైనే. ఎక్కువమంది భోజ్‌పురీ మాట్లాడే జిల్లాలవాళ్ళు. కొద్దిమంది మద్రాసు రేవు నుంచి, వాళ్ళలో అరవవాళ్ళూ తెలుగువాళ్ళూ. ఇప్పుడు అందరి మాటా ఇంగ్లీషే, ట్రినిడాడ్ ఇంగ్లీషు. ఇళ్ళల్లో భోజ్‌పురీ మాట్లాడేవాళ్ళు బాగా ముసలివాళ్ళలో తప్ప కనపడరు.

కానీ వంటింట్లోకి వెళ్తే వేరే సంగతి. పెనం తవా. అప్పడాల కర్ర బేల్నా. జీలకర్ర గీరా. కాకరకాయ కరైలీ, మునక్కాయ సైజన్. కాల్చిన వంకాయని చిదిమి, వెల్లుల్లి వేసి, వేడి నూనె పోస్తే బైగన్ చోకా. పప్పుకి తాలింపు పెట్టడం చంకే. అది ఇంగ్లీషు క్రియ అయిపోయింది కూడా, పప్పుని 'చంకే' చేశావా అని ఆఫ్రికన్ మూలాలున్నవాళ్ళు కూడా అంటారు. వంటింటి మాటలు, వాటి పక్కనే చుట్టరికాల మాటలు: ఆజా, ఆజీ, నానా, నానీ, మామూ. పాలు పొంగి గిన్నె అంతా ఖాళీ అయినా అంచుకి మీగడ అంటుకుని ఉంటుంది చూడండి, అలా.

నేను వెతుకుతున్నది మాత్రం వేరే. ఒక్క తెలుగు మాట. మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్ళలో మనవాళ్ళున్నారు కదా, ఏదో ఒక వంటింట్లో ఒక గరిటె, ఒక పచ్చడి, ఒక తిట్టు మిగలదా? రొట్టెల షాపులో, సవానా మైదానం చుట్టూ రాత్రిపూట వెలిసే కొబ్బరిబోండాల బళ్ళ దగ్గర, మొక్కజొన్న సూపు అమ్మే ఆవిడ దగ్గర అందరినీ అడిగాను. మాది దక్షిణ దేశం అని చెప్పగానే "ఓ, మద్రాసీ!" అనేవాళ్ళు. ఢిల్లీలో ఆ మాట వింటే నాకు మండుతుంది. ఇక్కడ ఎందుకో మండలేదు. ఎవరో ఓడ దిగినవాడి రిజిస్టరులో రాసుకున్న మాట అది, నూరేళ్ళు దాటినా ఎవరూ దిద్దలేదు.

మాట మాత్రం దొరకలేదు. రెండుసార్లు దొరికిందనుకున్నాను. ఒకసారి పొడుగు చిక్కుళ్ళని 'బోడీ' అంటుంటే మన బొబ్బర్లేమోనని ఎగిరి గంతేశాను. కాదు, అది భోజ్‌పురీ 'బోరా' అట. ఇంకోసారి 'షాడో బెనీ' అనే ఆకు, కొత్తిమీరకి పెద్దన్నలాంటి వాసన. పేరులో ఏదో ఉందనుకున్నాను. ఫ్రెంచి నుంచి వచ్చిందట.

*

పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సెయింట్ జేమ్స్ అనే పేట ఉంది. అక్కడి వీధుల పేర్లు కలకత్తా, బొంబాయి, మద్రాసు, ఢిల్లీ, బెనారస్. శనివారం సాయంత్రం మద్రాస్ వీధి బోర్డు కింద నిలబడి ఫోటో తీసుకుని, నేపాల్ వీధికి నడిచాను. 26వ నంబరు ఇల్లు నైపాల్ వాళ్ళది. నవలలో దాన్నే సిక్కిం వీధి చేశాడు. రెండంతస్తుల చిన్న ఇల్లు, పక్క ఇళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. బిస్వాస్ జీవితమంతా పడ్డ పాట్లకి ఇంతేనా అనిపిస్తుంది. అంతే, అదే కదా నవల.

అక్కణ్ణుంచి మెయిన్ రోడ్డుకొచ్చి ఒక చిన్న హోటల్లో కలలూ తిన్నాను. చేమాకు, బెండకాయ, కొబ్బరిపాలు కలిపి గుజ్జుగా ఉడికించినది, పీత ముక్క వేసి. పశ్చిమాఫ్రికా నుంచి వచ్చిన వంట. చేమాకు మా నాయనమ్మ పులుసు పెట్టేది. ఆ రుచిలో నాకు తెలిసినదీ ఉంది, తెలియనిదీ ఉంది, ఏది ఎక్కడ మొదలైందో విడదియ్యలేం. ఫోను తియ్యలేదు. ఆ తినేది కాసేపు తిన్నాను.

ఇంటికి వీడియో కాల్ చేశాను. మా అమ్మాయికి ఆరేళ్ళు. తెర మీద మొహం కనపడింది. "ఏం తిన్నావు నాన్నా?" అని అడిగాను. తల ఊపింది. ఇంగ్లీషులో అడిగాను. దానికీ తల ఊపి, ఫోను అమ్మకిచ్చేసింది. వారం రోజుల నుంచీ అంతే. "నిద్రొస్తుందేమో," అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు.

*

వెళ్ళేముందు చివరి సెలవు రోజు మే 30. ఫతేల్ రజాక్ వచ్చిన రోజు, దేశమంతా సెలవు. ఆ టెస్టింగ్ కుర్రాడు వాళ్ళింటివాళ్ళతో కౌరా నది ఒడ్డుకి రమ్మన్నాడు. అక్కడ దాన్ని లైమ్ అంటారు. లైమ్ చెయ్యడమంటే నలుగురూ చేరి పనేమీ పెట్టుకోకుండా గడపడం. నది ఒడ్డున అయితే వంట కూడా. అచ్చం కార్తీక వనభోజనాలే, కాకపోతే ఉసిరి చెట్టు బదులు వెదురు పొదలు, పులిహోర బదులు బాతు కూర, పక్కన రమ్ము.

మూడు రాళ్ళ మీద ఇనప మూకుడు. బాతు ముక్కలకి షాడో బెనీ, వెల్లుల్లి, మిరప నూరి పట్టించి రాత్రంతా ఉంచారు. మొగవాళ్ళే వండారు, ఆడవాళ్ళు కూర్చుని తప్పులు పట్టారు. నాకు అల్లం తరిగే పనిచ్చారు. కుర్రాడి తల్లి మడతకుర్చీలో నా పక్కనే కూర్చుంది. డెబ్భై దాటి ఉంటాయి. ఆయనకి చివరి బిడ్డట. నేను ఆంటీ అన్నాను, అక్కడ కూడా అదే పిలుపు.

నా వెతుకులాట సంగతి కొడుకు ముందే చెప్పినట్టున్నాడు. "నీ మద్రాసీ మాట దొరికిందా?" అని అడిగింది.

లేదన్నాను. మీకేమైనా హిందీ వచ్చా అని అడిగాను.

"భజనలు వచ్చు. అర్థం రాదు. వంట మాటలు వచ్చు." కాసేపాగి, "మా ఆజాకి బాగా వచ్చేది," అంది. ఆజా అంటే వాళ్ళ నాన్నగారి నాన్న. ఆయన చిన్నప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని ఓడ దిగాడట. చెరకు తోటలో పనిచేసి, కాస్త భూమి కొని, పిల్లల్ని బడికి పంపాడు. బళ్ళో అంతా ఇంగ్లీషు. ఇంటికొచ్చి మనవలు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఆయనకి ఒళ్ళు మండిపోయేది.

"ఆయన ఒక రూలు పెట్టాడు. ఏది కావాలన్నా హిందీలో అడగాలి. ఇంగ్లీషులో అడిగితే వినపడనట్టు ఉండేవాడు. రొట్టె అయినా, పావలా అయినా, పతంగి అయినా."

"మరి మీరందరూ నేర్చుకున్నారా?" అన్నాను. నేర్చుకున్నామంటుందనే ఎదురుచూశాను. ఒక పద్ధతి పనిచేసిందని వినాలని ఉంది నాకు.

ఆవిడ నవ్వింది. "లేదు. ఆయన్ని అడగడం మానేశాం. ఆజీని అడిగేవాళ్ళం. ఆజీ ఏ భాషలో అడిగినా పెట్టేది." చేత్తో మూకుడు వైపు చూపించి, "అందుకే నాకు వచ్చిన మాటలన్నీ ఆజీవే. తవా, చంకే, బేల్నా. ఆజావి ఒక్కటీ లేవు," అంది.

తరవాత ఆవిడ కొడుకు మీద కేకేసింది, బాతు అడుగంటుతోందని.

*

ఇప్పుడు ఆ ఆదివారం గొడవ చెప్పాలి.

మేముండే న్యూజెర్సీలో ఒక మనవాళ్ళ హోటల్‌కి వెళ్ళాం. వెయిటర్ వచ్చి నిలబడ్డాడు. అమ్మాయి ఇంగ్లీషులో తనకి పేపర్ దోసె కావాలంది. "తెలుగులో అడుగు," అన్నాను. తనకి వచ్చు. మూడేళ్ళదాకా తెలుగే మాట్లాడింది. బడికి వెళ్ళాక పోయింది. అందులో నా తప్పేం లేదని చూపించుకోవడానికి నేను చాలా చేశాను: అక్షరాల చార్టులు, శనివారం క్లాసు, పడుకునేముందు కథలు. ఫోనులో ఒక లిస్టు కూడా ఉండేది, తను వాడుతున్న తెలుగు మాటలు, మానేసిన తెలుగు మాటలు. వారం వారం చూసుకునేవాణ్ణి. రెండో వరస పెరుగుతుండేది.

తను మళ్ళీ ఇంగ్లీషులోనే అడిగింది. వెయిటర్ తెలుగు కుర్రాడు, ఇబ్బందిగా నవ్వాడు. ఆ నవ్వే నన్ను పట్టుకుందనుకుంటాను. "నాకు దోసె కావాలి నాన్నా అని చెప్పు. అడిగితేనే వస్తుంది," అన్నాను. తను చెప్పలేదు. మా ఆవిడ మధ్యలో ఏదో అనబోతే, "నువ్వు కల్పించుకోకు," అన్నాను. మా ఇద్దరికీ టిఫిన్లు వచ్చాయి. తనకి రాలేదు. తను ఏడవలేదు. ఏడిస్తే నేను ఆగేవాణ్ణేమో. మా ప్లేట్ల వంక చూస్తూ కూర్చుంది. మా ఆవిడ తినకుండా తన ప్లేటు తన వైపు జరిపింది. అమ్మాయి ముట్టుకోలేదు, నా వైపే చూస్తోంది. కారులో నిద్రపోయింది. రాత్రి మా ఆవిడ లేపి పాలు తాగించింది.

తరవాత వంటింట్లో మా ఆవిడ గొంతు తగ్గించి, "తెలుగంటే ఇక దానికేం గుర్తొస్తుందో తెలుసా నీకు?" అంది. భాష పోతే ఏమవుతుందో నీకు తెలుసా అని నేను కూడా ఏదో అన్నాను. భాష గురించి నాకు చాలా వాక్యాలు వచ్చు.

కౌరా నది ఒడ్డున ఆంటీ పక్కన అల్లం తరుగుతూ ఉండగా నాకు బిస్వాస్ అరటిపళ్ళు గుర్తొచ్చాయి. నవల చదివినవాళ్ళకి తెలుసు. చిన్న బిస్వాస్‌ని పురోహితం నేర్చుకోమని పండిట్ జైరామ్ ఇంట్లో పెడతారు. పిల్లవాడు రెండు అరటిపళ్ళు తీసుకుని తింటాడు. జైరామ్‌కి తెలుస్తుంది. కొట్టడు, తిట్టడు. మిగిలిన పళ్ళన్నీ ముందు పెట్టించి, తినమంటాడు. అన్నీ అయ్యేదాకా తినిపిస్తాడు. ఆ పొట్ట నొప్పి బిస్వాస్‌ని జీవితమంతా వదలదు.

ఆ ఘట్టం గురించి నా వ్యాసంలో ఒక పెద్ద పేరా ఉంది. అధికారం తిండి రూపంలో పిల్లల ఒంట్లోకి ఎలా వెళ్తుందో రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. జైరామ్ బలవంతంగా పెట్టాడు, నేను పెట్టడం మానేశాను, తేడా అంతే. ఇద్దరం పిల్లల మంచికే చేశామనుకున్నాం. మూడుసార్లు చదివిన పుస్తకం, హోటల్ బల్ల దగ్గర ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. చదవడం వల్ల మనుషులు మారతారని నేను ఎక్కడైనా రాసి ఉంటే ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ నవలలో ఇంకో సంగతి ఉంది. వాళ్ళు హిందీలో మాట్లాడుకుంటే నైపాల్ దాన్ని చక్కటి ఇంగ్లీషులో రాస్తాడు. ఇంగ్లీషులో మాట్లాడితే విరిగిన యాసలో రాస్తాడు. ఏ భాషలో మనిషి పూర్తిగా ఉంటాడో ఆ భాష తిన్నగా ఉంటుంది. మా ఇంట్లో ఎవరైనా నవల రాస్తే మా అమ్మాయి ఇంగ్లీషు తిన్నగా ఉంటుంది, తెలుగు విరిగి ఉంటుంది. నాది దానికి తల్లకిందులు. దీనికి ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. ఓడ ఎక్కింది నేను, తను కాదు.

బాతు కూర ఉడికింది. ఆకులో అన్నం, పప్పు, కూర పెట్టి ఆంటీ ముందు నాకే ఇచ్చింది. "పెప్పర్?" అని అడిగింది. "స్లైట్," అన్నాను. చేత్తో కలుపుకుని తిన్నాను. అక్కడ చాలామంది కూడా చేత్తోనే తింటున్నారు. ఆ కూరని ఇంకే కూరతోనూ పోల్చబుద్ధి కాలేదు.

*

తిరిగొచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆంటీ ఇచ్చిన కుచేలా సీసా ఉంది. మూడు కవర్లు చుట్టినా చొక్కాలకి ఆవనూనె వాసన పట్టింది. ఫ్లైట్‌లో లిస్టు డిలీట్ చేశాను. ఇదేదో గొప్ప త్యాగం అనడం లేదు. లిస్టు పోయినంత మాత్రాన భయం పోలేదు. నేను చదువుకున్న పుస్తకాలు, ఈ వ్యాసంతో సహా, మా అమ్మాయి చదవలేదు. బహుశా ఎప్పటికీ చదవదు. వందేళ్ళ తర్వాత ఎవడో ఒకడు న్యూజెర్సీ వచ్చి ఒక్క తెలుగు మాట కోసం వంటిళ్ళు వెతుక్కోవచ్చు. వాడికి ఏదైనా దొరికితే అది మా ఆవిడ మాట అయ్యుంటుంది, నాది కాదు.

మర్నాడు అమ్మాయికి సారీ చెప్పాను. తెలుగులో మొదలుపెట్టి, సగంలో ఆగి, ఇంగ్లీషులోకి మారాను. క్షమాపణ అయినా అవతలివాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలి కదా. తను విని, "ఓకే," అంది. పిల్లల ఓకేకి అర్థాలు చాలా ఉంటాయి. నేను వెతకలేదు.

ఆ శనివారం నేను బారాలు చేశాను. పిండి సరిగా పులవలేదు, అంచులు గట్టిపడ్డాయి. మా ఆవిడ శనగలకి తాలింపు పెట్టింది. అమ్మాయి స్టూలెక్కి చూస్తూ, వీటికి రెండు ఉంటే డబుల్స్ కదా, మరి మూడు ఉంటే ఏమంటారు అని అడిగింది. ఇంగ్లీషులోనే. నాకు తెలియదన్నాను. కాగితం మడిచి, రెండు బారాల మధ్య శనగలు పెట్టి, కారం ఎంత అని అడిగాను. నేనడిగింది తెలుగులో, అలవాటుకొద్దీ. అడిగాక నాలుక కరుచుకున్నాను.

తను ఆలోచించింది. చూపుడువేలు, బొటనవేలు దగ్గరపెట్టి చూపించి, "లిటిల్ కారం," అంది. ఆపైన, "అండ్ పెరుగు."

పెరుగు వేశాను. డబుల్స్‌లో పెరుగు ఎవరూ వెయ్యరు. ట్రినిడాడ్‌లో ఆ కుర్రాడికి ఫోటో పంపితే, మా అమ్మకి చూపించనులే అని జవాబు రాశాడు.